ఐరన్ మాత్ర పడటం లేదని మానేశారా? రోజు విడిచి రోజు వేసుకుని చూడండి

ప్రశ్న: మేడమ్, నా వయసు 36. ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని, ఇద్దరు పిల్లలు. మూడు నెలల కిందట మెట్లెక్కితే ఆయాసం వస్తోందని టెస్టులు చేయించుకుంటే హిమోగ్లోబిన్ 8.6, ఒంట్లో ఐరన్ నిల్వలు చెప్పే ఫెరిటిన్ 6 వచ్చాయి. డాక్టరు గారు 100 మిల్లీగ్రాముల ఐరన్ మాత్ర పొద్దున ఒకటి, రాత్రి ఒకటి రాశారు. నాలుగో రోజు నుంచే వికారం, కడుపులో మంట, నోట్లో తుప్పు రుచి, మలబద్ధకం. మలం నల్లగా వస్తుంటే భయమేసింది. గ్యాస్ మాత్ర కూడా రాయించుకున్నాను, లాభం లేదు. రెండు వారాలకే ఐరన్ మానేశాను, డాక్టరుకి చెప్పలేదు. గ్యాస్ మాత్ర మాత్రం అలవాటై ఇప్పటికీ వేసుకుంటున్నాను. నాకు థైరాయిడ్ కూడా ఉంది, ఆ మాత్రతోపాటే ఐరన్ మాత్రా వేసేసుకుని వెంటనే టీ తాగేదాన్ని. పీరియడ్స్ ఏడు రోజులు, మొదటి మూడు రోజులూ గడ్డలు పడతాయి. ఐరన్ మాత్రలు వేడి చేస్తాయి, బీట్‌రూట్ జ్యూసు, ఖర్జూరాలు చాలు అంటారు మా అత్తయ్య. పక్కింటావిడేమో ఐరన్ సూది వేయించుకో, రెండు రోజుల్లో తేలిపోతుంది అంటోంది. ఇంకోటి, చెప్పడానికి సిగ్గుగా ఉంది, బియ్యం కడిగేటప్పుడు గుప్పెడు పచ్చిబియ్యం నోట్లో వేసుకోకుండా ఉండలేకపోతున్నాను. అందుకే రక్తం తగ్గిందని ఇంట్లో అంటున్నారు. మా పెద్దమ్మాయికి హైస్కూల్లో వారానికోసారి నీలం మాత్ర ఇస్తున్నారు, నాలాగే పడదేమోనని వద్దన్నాను. ఏం చేయమంటారు?

జవాబు: ముందు మీరు సిగ్గుపడ్డ విషయం తేల్చేద్దాం అమ్మా, అన్నిట్లోకీ అదే తేలిక. పచ్చిబియ్యం, బలపాలు, సుద్దముక్కలు, మట్టి, ఫ్రిజ్‌లో ఐసు ముక్కలు, వీటిలో ఏదో ఒకటి కరకర నమలాలని ప్రాణం లాగడం ఐరన్ తగ్గినప్పుడు కనిపించే లక్షణం. వైద్యంలో దీన్ని పైకా అంటారు. బియ్యం తిన్నందుకు మీకు రక్తం తగ్గలేదు, ఐరన్ తగ్గింది కాబట్టి బియ్యం మీదకి మనసు పోతోంది. ఐరన్ ఒంటికి పట్టడం మొదలైతే చాలామందిలో ఈ యావ హిమోగ్లోబిన్ పెరిగే లోపే పోతుంది. అడిగితేగానీ ఎవరూ చెప్పరు, మీరు అడక్కుండానే రాశారు, మంచి పని చేశారు.

ఇక అసలు సంగతి. మీ ఒంటికి ఐరన్ పడదని మీరొక నిర్ణయానికి వచ్చేశారు, నాకలా అనిపించడం లేదు. మీరు వేసుకున్న డోసు ఎక్కువ, వేసుకున్న వేళ తప్పు. రోజుకి 200 మిల్లీగ్రాములు ఖాళీ కడుపులో పోస్తే వికారం రాకపోతేనే ఆశ్చర్యం. పైగా థైరాయిడ్ మాత్ర, గ్యాస్ మాత్ర, టీ అన్నీ ఆ పక్కనే ఉన్నాయి కాబట్టి, అంత బాధ పడి మింగినదాంట్లో కూడా ఒంటికి పట్టింది కొంచెమే అయ్యుంటుంది. పట్టని ఐరన్ పేగుల్లోనే ఉండిపోతుంది. వికారం, మంట, మలబద్ధకం, నల్ల రంగు, అన్నీ చాలావరకు దాని పనే.

రోజుకి రెండు, మూడు మాత్రలు రాయడం పాత పద్ధతి, ఎన్నో ఏళ్లు అందరం అలాగే రాశాం. ఎక్కువ వేస్తే ఎక్కువ పడుతుందనే లెక్క. ఆ తర్వాత తెలిసిందేమిటంటే, మన కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్ ఒకటి తయారుచేస్తుంది. ఒక పెద్ద డోసు ఐరన్ లోపలికి వెళ్లగానే అది పెరిగి పేగు దగ్గర గేటు వేసేస్తుంది, దాదాపు ఒక రోజంతా ఆ గేటు సరిగా తెరుచుకోదు. పొద్దున మాత్రతో గేటు పడ్డాక రాత్రి మాత్ర వేసుకుంటే అందులో చాలా భాగం వృథా, మీకు మిగిలేది కడుపులో మంటే. స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ పరిశోధకులు 2017లో, ఒంట్లో ఐరన్ నిల్వలు తక్కువున్న యువతుల మీద దీన్ని కొలిచి చూశారు. 60 మిల్లీగ్రాములు రోజూ వేసుకున్నవాళ్లకి ఒక్కో డోసులో సగటున 16 శాతం పట్టింది, రోజు విడిచి రోజు వేసుకున్నవాళ్లకి దాదాపు 22 శాతం. బ్రిటన్‌లో జీర్ణకోశ వైద్యుల సంఘం 2021లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా రోజుకి ఒక్క మాత్రే చాలు, అదీ తట్టుకోలేకపోతే రోజు విడిచి రోజు అని చెబుతున్నాయి.

కాబట్టి మీ డాక్టరు దగ్గరికి వెళ్లి, మానేశానని ఉన్నదున్నట్టు చెప్పండి. తిడతారని టెన్షన్ వద్దు. ఐరన్ మాత్రలు మధ్యలో మానేసేవాళ్లని చూడని డాక్టరు ఉండరు, చెప్పకుండా ఊరుకుంటేనే ఇబ్బంది, మాత్ర వేసుకున్నా పెరగలేదనుకుని మీకు అక్కర్లేని టెస్టులు రాస్తారు. రోజు విడిచి రోజు ఒక్క మాత్రతో మొదలుపెడతానని అడగండి. సోమ, బుధ, శుక్ర అని పెట్టుకున్నా సరే, క్యాలెండర్ మీద టిక్కు పెట్టుకున్నా సరే. హిమోగ్లోబిన్ పెరగడం కాస్త నిదానంగా ఉండొచ్చు. రెండు వారాలకి మానేసిన రెండు మాత్రల కోర్సు కంటే, నాలుగు నెలలు నడిచే ఒక్క మాత్ర కోర్సు మేలు.

ఈ మాట గర్భిణులకి వర్తించదు, వాళ్లకి సమయం తక్కువ, అవసరం ఎక్కువ. వాళ్లు సొంతంగా డోసు తగ్గించుకోకూడదు.

ఇప్పుడు వేళ సంగతి. మీకు థైరాయిడ్ ఉంది కాబట్టి ఇది కొంచెం జాగ్రత్తగా చూసుకోవాలి. థైరాయిడ్ మాత్రకీ ఐరన్ మాత్రకీ మధ్య నాలుగు గంటలు ఎడం ఉండాలి, లేకపోతే ఐరన్ ఆ మాత్రని పట్టుకుని ఒంటికి పట్టనివ్వదు. మీరు లేవగానే ఆరింటికి థైరాయిడ్ మాత్ర వేసుకుంటారనుకుందాం. దాని తర్వాత అరగంట నుంచి గంట దాకా టీ కూడా వద్దు, మంచినీళ్లే. ఏడున్నరకి టిఫిన్, టీ. స్కూల్లో పదకొండుకి ఇంటర్వెల్ బెల్లు కొడతారు చూడండి, ఐరన్ మాత్రకి అది చక్కటి సమయం. టిఫిన్ అరిగిపోయి ఉంటుంది, భోజనానికి ఇంకా టైముంది. చిక్కల్లా స్టాఫ్‌రూమ్‌లో ఆ బెల్లుకే టీ రావడం. మాత్ర వేసుకునే రోజుల్లో ఆ టీ కప్పు వదులుకోవాలి. టీలో, కాఫీలో ఉండే పదార్థాలు ఐరన్‌ని కట్టేస్తాయి, పాలల్లో క్యాల్షియమూ అడ్డమే, మాత్రకి అటూ ఇటూ కనీసం గంట ఎడం ఉండాలి, రెండు గంటలైతే ఇంకా మంచిది. టీ మానలేనంటే సాయంత్రం ఇంటికొచ్చాక తాగండి, నేను టీ మానమనే రకం కాదు.

పరగడుపున వేసుకుంటే బాగా పడుతుందన్నది నిజమే, కానీ వాంతి వచ్చేటట్టుంటే ఆ నియమం పక్కన పెట్టేయండి. ఏదైనా తిన్నాక వేసుకుంటే పట్టేది కొంత తగ్గుతుంది, తగ్గితే తగ్గనీయండి. ఒక అరటిపండో, నాలుగు జామకాయ ముక్కలో తిని వేసుకోండి. జామకాయలో సి విటమిన్ బోలెడు, ఐరన్ పట్టడానికి అది సాయం చేస్తుంది, అందుకని సి విటమిన్ బిళ్లలు వేరే కొనక్కర్లేదు. పెరుగు, మజ్జిగ, పాలు మాత్రం ఆ సమయంలో వద్దు. పగలు అసలు తట్టుకోలేకపోతే రాత్రి భోజనమయ్యాక రెండు గంటలకి వేసుకుని పడుకోండి, వికారం ఉన్నా నిద్రలో తెలియదు. అయితే మాత్ర వేసుకున్న వెంటనే నడుం వాల్చొద్దు, గ్లాసు నిండా నీళ్లు తాగి కాసేపు అటూ ఇటూ తిరగండి, గొంతులో ఇరుక్కుంటే అక్కడ పుండు పడుతుంది.

గ్యాస్ మాత్ర గురించి నాకు కొంచెం కోపం కూడా వస్తోంది. ఐరన్ కరగడానికి, పట్టడానికి కడుపులో ఆమ్లం కావాలి, పాంటాప్రజోల్ లాంటివి ఆ ఆమ్లాన్నే తగ్గిస్తాయి. ఐరన్ వల్ల మంట వస్తోందని ఆ మాత్ర మొదలైంది. ఐరన్ పోయింది, గ్యాస్ మాత్ర మిగిలింది. అల్సర్ లాంటి వేరే కారణం ఉండి డాక్టరు రాస్తే తప్ప, దాన్ని ఆపేయొచ్చేమో అడగండి. ఇది మీ ఒక్కరికే కాదు, మందుల షాపులో చీటీ లేకుండా కొనుక్కుని ఏళ్ల తరబడి పొద్దున్నే మింగేవాళ్లందరికీ చెబుతున్నాను.

ఇలా మార్చినా పడలేదనుకోండి, అప్పుడు మాత్ర రకం మార్చాలి. ఇక్కడ స్ట్రిప్ వెనక చదవడం వచ్చి ఉండాలి. ఫెర్రస్ సల్ఫేట్, ఫెర్రస్ ఫ్యూమరేట్, ఫెర్రస్ ఆస్కార్బేట్, ఫెర్రస్ గ్లూకోనేట్ అని రకరకాల పేర్లుంటాయి, పక్కన అంకెలు కూడా పెద్దపెద్దవి ఉంటాయి, అవి చూసి కంగారు పడకండి. మనకి కావాల్సింది ‘ఎలిమెంటల్ ఐరన్’ ఎంత అన్న అంకె ఒక్కటే, అంటే ఆ మాత్రలో అసలు ఐరన్ ఎంత అని. 325 మిల్లీగ్రాముల ఫెర్రస్ సల్ఫేట్‌లో అసలు ఐరన్ 65 మాత్రమే, 300 మిల్లీగ్రాముల గ్లూకోనేట్‌లో 35 దాకా ఉంటుంది. మీకు రాసిన 100లో కష్టంగా ఉంటే 60–65 ఉన్నదానికి దిగండి, అదీ కష్టమైతే 35కి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, ఆశా వర్కర్ల దగ్గర ఉచితంగా ఇచ్చే ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. ఉచితం కదా అని చిన్నచూపు వద్దు, అందులో ఉన్నదీ అదే ఐరన్. సిరప్ వాడితే డోసు కొంచెం కొంచెంగా పెంచుకోవచ్చు, పళ్లు నల్లబడకుండా స్ట్రాతో తాగి నోరు పుక్కిలించాలి.

కడుపుకి సుఖంగా ఉంటుందని, పేగుల్లోకి వెళ్లాక నిదానంగా కరిగే మాత్రలు కొన్ని అమ్ముతారు. నిజంగానే సుఖంగా ఉంటాయి, ఎందుకంటే ఐరన్ ఎక్కువగా పట్టేది చిన్నపేగు మొదటి భాగంలో, ఆ మాత్రలు దాన్ని దాటిపోయాక కరుగుతాయి. బాధా ఉండదు, లాభమూ తక్కువే. అలాగే ఐరన్, క్యాల్షియం, జింకు, పదహారు విటమిన్లు అన్నీ ఒకే గోళీలో కుక్కినవి మీలాంటివాళ్లకి వైద్యం కాదు.

మలం నల్లగా రావడం మామూలే. పట్టని ఐరన్ రంగు అది, ముదురు ఆకుపచ్చగా కూడా ఉండొచ్చు, మాత్ర ఆపిన కొద్ది రోజులకి పోతుంది. భయపడాల్సిన నలుపు వేరు: తారులా జిగటగా అంటుకుంటూ, భరించలేని దుర్వాసనతో, నీళ్లు పోసినా సరిగా పోకుండా ఉంటే, దానికి తోడు కళ్లు తిరుగుతుంటే కడుపులో రక్తం పోతోందని అనుమానించి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మలబద్ధకానికి నీళ్లు ఎక్కువ తాగమని అందరూ చెబుతారు, మీ స్కూల్లో టీచర్లకి బాత్‌రూమ్ ఎలా ఉంటుందో, మీరు అసలు నీళ్లు తాగుతున్నారో లేదో నాకు అనుమానమే. చాలామంది టీచర్లు ఆ భయంతోనే సాయంత్రం దాకా గుక్క నీళ్లు ముట్టరు. రాత్రి బొప్పాయి, కూరగాయలు పెంచండి, కుదరకపోతే లాక్టులోజ్ సిరప్ కొన్నాళ్లు వాడండి. ఇసబ్‌గోల్ అయితే ఐరన్ మాత్రతో కలిపి వద్దు, వేరే సమయంలో తీసుకోండి.

అత్తయ్యగారి మాట దగ్గరికి వద్దాం. వేడి చేస్తుందన్నది ఆవిడ ఊరికే అన్నది కాదు, కడుపులో మంట, నోరు చేదు, మలబద్ధకం, ఇవన్నీ చూసి పెద్దవాళ్లు పెట్టుకున్న పేరది. ఆవిడతో వాదించకండి. కానీ బీట్‌రూట్ లెక్క మాత్రం ఒకసారి ఆవిడ ముందే వేయండి. మీ బరువు 55 కిలోలనుకుంటే, 8.6 నుంచి హిమోగ్లోబిన్ పూర్తిగా కోలుకుని నిల్వలు కూడా నిండాలంటే డాక్టర్లు వాడే సూత్రం ప్రకారం మీ ఒంటికి దాదాపు 1,350 మిల్లీగ్రాముల ఐరన్ కావాలి. మామూలు తిండి నుంచి రోజుకి ఒంటికి పట్టేది ఒకటి, రెండు మిల్లీగ్రాములు, అది రోజువారీ ఖర్చులకే సరి. వంద గ్రాముల బీట్‌రూట్‌లో మొత్తం కలిపి ఒక మిల్లీగ్రాము కూడా లేదు, అందులో పట్టేది ఇంకెంత. దాని పేరంతా రంగు తెచ్చిపెట్టిందే. ఖర్జూరాలు, బెల్లం తినండి, రుచిగా ఉంటాయి, వాటితో ఈ అప్పు తీరదు. రాగుల్లో ఐరన్ ఉన్నా దాన్ని పట్టనివ్వని ఫైటేట్లు, క్యాల్షియం కూడా ఉన్నాయి. మాంసం తినేవాళ్లయితే మేక కార్జం, మటన్ మంచివి, వాటిలో ఉండే హీమ్ ఐరన్ ఆకుకూరల్లో ఉన్నదానికంటే చాలా బాగా పడుతుంది. ఆకుకూర తింటే పైన నిమ్మకాయ పిండుకోండి. ఇంట్లో పాత ఇనప మూకుడు ఉంటే కిందకి దించి పులుసులు అందులో కాయండి, పులుపుకి ఇనుము కొంచెం కూరలోకి దిగుతుంది. ఇవన్నీ మాత్రలతో కోలుకున్నాక మళ్లీ పడిపోకుండా కాపాడేవి. ఇప్పుడున్న లోటు తీరాలంటే మందు కావాల్సిందే.

సూది గురించి. పక్కింటావిడ చెప్పేది ఏ సూదో ముందు కనుక్కోండి. నరానికి సెలైన్‌లో కలిపి ఎక్కించే ఐరన్ మంచి వైద్యమే, కడుపుతో పని లేదు కాబట్టి వికారం, మలబద్ధకం చాలా తక్కువ. ఐరన్ సుక్రోజ్ అయితే ఒక్కసారికి 200 మిల్లీగ్రాముల చొప్పున చాలాసార్లు వెళ్లాలి, ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్ అయితే 1,000 దాకా ఒక్క పూటలో ఎక్కించొచ్చు, ఖరీదు ఎక్కువ. అరుదుగా తీవ్రమైన అలర్జీ రావచ్చు, అందుకే సౌకర్యాలున్న ఆసుపత్రిలోనే ఎక్కించుకుని, అయ్యాక అరగంట అక్కడే కూర్చోవాలి. ఎక్కేటప్పుడు మంట పుడితే ఓర్చుకోకుండా సిస్టర్‌ని పిలవండి, మందు చర్మంలోకి కారితే పడే గోధుమ రంగు మచ్చ ఏళ్లు ఉండిపోతుంది. కొందరికి కార్బాక్సీమాల్టోజ్ తర్వాత రక్తంలో ఫాస్ఫేట్ పడిపోయి నీరసం, ఒళ్లు నొప్పులు వస్తాయి. రెండు రోజుల్లో తేలిపోవడం మాత్రం ఉత్త మాట, నరంలో ఎక్కించినా కొత్త రక్తకణాలు తయారవడానికి వారాలు పడుతుంది. ఆర్ఎంపీ దగ్గర పిరుదుకి వేసే ఐరన్ సూది అసలు వద్దు, నొప్పి, మచ్చ, గడ్డ తప్ప మాత్రకంటే దాని వల్ల వచ్చే అదనపు లాభం లేదు. ఇంటికొచ్చి సెలైన్ పెడతామన్నా వద్దు.

మీకు సూది ఎప్పుడంటే, నేను చెప్పినట్టు డోసు, వేళ, రకం మార్చి ప్రయత్నించినా తట్టుకోలేకపోతే, లేదా నాలుగు వారాలు సరిగ్గా వేసుకున్నా హిమోగ్లోబిన్ కనీసం ఒక గ్రాము కూడా పెరగకపోతే, లేదా రక్తస్రావం మాత్రలకి అందనంత ఎక్కువగా ఉంటే. ఈ మూడోది మీ విషయంలో కొట్టిపారేయలేను.

నిజానికి మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఆ ఒక్క వాక్యమే, ఏడు రోజులు, గడ్డలు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల రక్తం ఒక మిల్లీలీటరు పోతే దాదాపు అర మిల్లీగ్రాము ఐరన్ పోయినట్టు. నెలసరిలో 80 మిల్లీలీటర్లు దాటితే ఎక్కువ కిందే లెక్క, అంటే నెలంతా తిన్న తిండి నుంచి కష్టపడి పోగుచేసిన ఐరన్ ఆ వారంలో ఊడ్చిపెట్టుకుపోతుంది. కొలిచి ఎవరూ చూసుకోరు కాబట్టి గుర్తులు చెబుతాను: గంట, రెండు గంటలకే ప్యాడ్ నిండిపోవడం, రాత్రి లేచి మార్చుకోవాల్సి రావడం, పెద్ద గడ్డలు పడటం, ఆ రోజుల్లో స్కూలుకి ముదురు రంగు చీరలే కట్టుకోవడం. వీటిలో రెండు ఉన్నా గైనకాలజిస్టుని కలవండి. ఫైబ్రాయిడ్లు, అంటే గర్భసంచిలో గడ్డలు ఉన్నాయేమో ఒక స్కాన్ తీస్తారు. టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష కూడా చేయించండి, ఎందుకంటే థైరాయిడ్ అదుపులో లేకపోతే పీరియడ్స్ ఎక్కువవుతాయి, మలబద్ధకం, నీరసం కూడా దాని లక్షణాలే. వేసుకోగానే టీ తాగిన మీ థైరాయిడ్ మాత్ర ఎంతవరకు పనిచేస్తోందో చూడాలి. అంటే ఐరన్ మాత్ర మీద పడ్డ నిందల్లో ఒకటి రెండు థైరాయిడ్‌వి కూడా కావచ్చు.

రక్తస్రావం తగ్గించడానికి ఆ రోజుల్లో మాత్రమే వేసుకునే ట్రానెక్సామిక్ యాసిడ్ ఉంది, హార్మోన్ మాత్రలు ఉన్నాయి, గర్భసంచిలో అమర్చే హార్మోన్ లూప్ ఉంది. వెళ్లిన మొదటి రోజే, ఇద్దరు పిల్లలున్నారు కదా, గర్భసంచి తీసేద్దాం అని ఎవరైనా అంటే అక్కడి నుంచి లేచి వచ్చేసి రెండో డాక్టరుని అడగండి. దేశంలో గర్భసంచి తీయించుకున్న మహిళల శాతం ఎక్కువున్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందు వరసలో ఉన్నాయి, అవన్నీ తప్పనిసరై చేసినవని నేను నమ్మను. కొందరికి ఆపరేషన్ నిజంగా అవసరమే, కానీ మీ వయసులో మందులు ప్రయత్నించకముందే ఆ మాట రాకూడదు.

మీ రిపోర్టులో ఫెరిటిన్ ఉండటం మంచిదైంది. అది 15 కంటే తక్కువుంటే ఐరన్ లోపం ఖాయం, మీది 6, ఇంకో మాట లేదు. ఇది చదివే మిగతావాళ్లకి ఒక ముక్క: హిమోగ్లోబిన్ తక్కువుందని ఒక్కటే చూసి నెలల తరబడి ఐరన్ మింగకండి, ఫెరిటిన్ చేయించండి. తలసీమియా మైనర్ అని తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్తలోపం ఉన్నవాళ్లకి కూడా రక్తకణాలు చిన్నగా, హిమోగ్లోబిన్ కొంచెం తక్కువగానే కనిపిస్తాయి, వాళ్లకి ఐరన్ లోపం లేనప్పుడు ఆ మాత్రలతో ఉపయోగం లేదు. జ్వరం, ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు ఫెరిటిన్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుందని కూడా గుర్తుంచుకోండి. మగవాళ్లకి, నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లకి ఐరన్ లోపం వస్తే అది తిండి లోపమని సరిపెట్టుకోవద్దు, కడుపులోనో పేగుల్లోనో రక్తం కారుతోందేమో, క్యాన్సర్ ఏమైనా ఉందేమో ఎండోస్కోపీ, కొలనోస్కోపీ చేసి చూడాల్సిందే.

మొదలుపెట్టిన నాలుగు వారాలకి మళ్లీ హిమోగ్లోబిన్ చూపించుకోండి. 12 దాటగానే పండగ చేసుకుని ఆపేయకండి, అందరూ చేసే పని అదే, మళ్లీ ఏడాదిలో అదే 8కి వస్తారు. హిమోగ్లోబిన్ బాగైన తర్వాత ఇంకో మూడు నెలలు వేసుకుంటేనే నిల్వలు నిండుతాయి. ఈలోపు కూర్చున్నచోటే ఆయాసం వచ్చినా, గుండెలో నొప్పి వచ్చినా, కళ్లు తిరిగి పడిపోయినా ఈ నాలుగు వారాలూ చూద్దాం అనుకోకుండా ఆసుపత్రికి వెళ్లండి.

మీ అమ్మాయి మాత్ర ఆపడం మాత్రం నాకు నచ్చలేదు. ఆ నీలం మాత్రలోనూ 60 మిల్లీగ్రాములే, అదీ వారానికి ఒక్కటి, మీరు మింగినది వారానికి 1,400. రెంటికీ పోలికే లేదు. మధ్యాహ్న భోజనం తిన్నాక వేసుకోమనండి, ఖాళీ కడుపుతో వేసుకున్న పిల్లలకే ఎక్కువగా వాంతులవుతాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఉన్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం, అమ్మాయి ఆ వయసులోకి అడుగుపెట్టబోతోంది. స్కూల్లో నులిపురుగుల మాత్ర ఇచ్చే రోజున అది కూడా వేయించండి. మీ మాత్రలు మాత్రం చిన్నవాడికో చిన్నదానికో అందని ఎత్తులో, మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టండి. ఎర్రగా మెరుస్తూ చాక్లెట్లలా ఉంటాయి, చిన్నపిల్లలు గుప్పెడు మింగితే ప్రాణం మీదకి వస్తుంది, అలా జరిగితే ఇంట్లో చిట్కాలేవీ చేయకుండా స్ట్రిప్ చేతిలో పట్టుకుని నేరుగా పెద్దాసుపత్రికి వెళ్లాలి.